బాబాయ్ లండన్ రికార్డు

నాకు తొమ్మిదేళ్లప్పుడు... అమెరికాలో, ప్లేనోలోని మా ఇంటి గరాజ్ ఆదివారం మధ్యాహ్నమైతే బాబాయ్‌ది.

బాబాయ్ అంటే నాన్న తమ్ముడు. లండన్‌లో చదువుకుని, ఇక్కడ ఉద్యోగం దొరికితే మా ఇంట్లో దిగాడు. సూట్‌కేస్‌లో ఒకే ఒక్క రికార్డు తెచ్చుకున్నాడు... అక్కడి కుర్రాళ్ల బ్యాండ్ చేసిన జాజ్-ఫంక్ పాట. మాటలు తక్కువ. బేస్ గిటార్, ట్రంపెట్, చప్పట్లు. మేం గెంతితే ముల్లు ఎగిరిపోతుందని ప్లేయర్ కింద నానమ్మ కుట్టిన బొంత మడతపెట్టేవాడు.

"ఇది క్లబ్‌లో పుట్టిన పాట చిన్నీ" అనేవాడు. "బేస్‌మెంట్‌లో చిన్న క్లబ్. ఆదివారం పట్టపగలే డాన్స్. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, మేమూ... బ్యాండ్ వాళ్లు పేరైనా రాయని రికార్డు తెచ్చి డీజే చేతిలో పెట్టారు. ఆపితే మేం ఊరుకుంటేగా! మూడుసార్లు వేయించాం. ఆ తర్వాతే అది షాపుల్లోకి వచ్చింది."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి...

ఒక ఆదివారం బాబాయ్‌కి సంబంధం మాట్లాడ్డానికి అమ్మాయి తరఫువాళ్లు వస్తామన్నారు. "ఇంక చాలు, వాళ్లొచ్చే టైమైంది" అన్నాడు. నేనే చెయ్యి పట్టుకుని, "ఇంకొక్కసారి బాబాయ్" అన్నాను.

గరాజ్ తలుపు తెరిచే ఉంది. వాళ్ల కారు వచ్చి ఆగేసరికి, చెమటకి తడిసిన చొక్కాతో బాబాయ్ గిరగిరా తిరుగుతున్నాడు.

కాఫీ తాగి వెళ్లిపోయారు. మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

"ముప్పై దాటినా ఈ గంతులేంట్రా?" అని నాన్న అరిచారు. నావైపు తిరిగి, "నువ్వూ గెంతావా?" అన్నారు.

"లేదు నాన్నా... బాబాయ్ ఒక్కడే."

బాబాయ్ నన్ను చూశాడు. "అవునన్నయ్యా, నేనొక్కణ్ణే" అన్నాడు.

ఆ రికార్డు మా ఇంట్లో మళ్లీ మోగలేదు. ఉద్యోగం మారి ఆయన అల్ఫారెట్టా వెళ్లాడు. అక్కడే పెళ్లయింది. నా పెళ్లిలో అందరూ డాన్స్ చేస్తుంటే చెయ్యి పట్టి లాగాను. "మోకాళ్ల నొప్పులమ్మా" అని కూర్చుండిపోయాడు. ఆ రోజైనా సారీ చెప్పాల్సింది... చెప్పలేదు.

పోయిన చలికాలం బాబాయ్ పోయాడు. పన్నెండో రోజున పిన్నిని అడిగాను, ఆ రికార్డు ఎక్కడుందని.

పిన్ని వింతగా చూసింది. "ఏ రికార్డు? మీ బాబాయ్‌కి పాటలంటే ఇష్టమా? ఇన్నేళ్లలో కూనిరాగం తియ్యడం కూడా నేను వినలేదే..."

ఇప్పుడు ఇక్కడ ఏ ఫంక్షన్‌కి వెళ్లినా తాతయ్యలు కూడా స్టేజ్ ఎక్కి డాన్స్ చేస్తున్నారు. అందరం ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్నాం... బాబాయ్ మాత్రం లేడు.

మీ ఇంట్లోనూ ఉన్నారా, ప్రాణమైనదాన్ని ఇలా చప్పుడు లేకుండా మానేసినవాళ్లు? రాయండి... ఒక్కొక్కటీ చదువుతాను.