వెనక్కొచ్చిన కథకు బెల్లం ముక్క

గురజాలలో కూతురింటికి వెళ్లిన బాబాయి అక్కడే కన్నుమూశారని సాయంకాలం రైలు దిగినవాళ్లు చెప్పారు. అప్పుడు నేను ఆయన బట్టల కొట్టు అరుగు మీదే, కుట్టుమిషను ముందు కూర్చుని ఒక చొక్కాకు చేతులు అతుకుతున్నాను. కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. చొక్కా ఇచ్చినాయన వచ్చి చూసిపోతున్నాడు గాని, నేను దాని మీద మళ్లీ ఇంతవరకు చెయ్యి వెయ్యలేదు.

బాబాయి అంటున్నాను గాని ఆయన బట్టల షావుకారు, నేను ఆయన అరుగు మీద మిషను పెట్టుకున్న సాయిబుల దర్జీని. ఆయన మా నాన్నను అన్నా అని పిలిచేవారు, అందుకని నాకు బాబాయి. ఇది మాచర్లలో మా వీధి అందరికీ తెలిసిన సంగతే. నేను రాసిన నాలుగు కథలు అచ్చులోకి వచ్చాయంటే అది ఆయన వల్లనే అన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

యుద్ధం పుణ్యమా అని మా ఇద్దరికీ తీరిక దొరికింది. గుడ్డకు కంట్రోలు వచ్చి కొట్లో అరలు ఖాళీ అయ్యాయి. గుడ్డే లేకపోతే దర్జీకి పనేముంది? మధ్యాహ్నం పూట నేను మిషను బల్ల మీద కాగితాలు పెట్టుకుని కథ రాయడం, ఆయన కొట్లో పరుపు మీద ఒరిగి వినడం అలా మొదలైంది. దర్జీకి కథ నేర్పుతూ కత్తెర, సూది, కొలత అని పోలికలు చెప్పి ఉంటారని మీరు అనుకోవచ్చు. ఒక్కనాడూ చెప్పలేదు. అలాంటి మాటలంటే ఆయనకు చిరాకు.

ఆయన పద్ధతి వేరు. కథ చేతికివ్వగానే మొదటి పేజీ తీసి గజంబద్ద కింద పెట్టేసి, "రెండో పేజీ కాణ్నించి చదువు" అనేవారు. నాకు ఒళ్లు మండేది. ఎంతో కష్టపడి సూర్యోదయం వర్ణించింది ఆ మొదటి పేజీలోనే కదా. వింటూ వింటూ ఏదైనా అర్థం కాకపోతే ఆపి అడిగేవారు. దానికి జవాబు మొదటి పేజీలో ఉంటే, ఆ ఒక్క ముక్క తెచ్చి లోపల కలపమనేవారు. ఏమీ అడగకపోతే ఆ పేజీ పోయినట్టే. నా సూర్యోదయాలన్నీ గజంబద్ద కిందే తెల్లారిపోయాయి.

ఒకసారి జమీందారు కూతురి మీద కథ రాశాను. మేడ, ఉయ్యాల, వీణ అన్నీ పెట్టాను. ఆయన సగంలో ఆపి, "ఆ మేడలో పొద్దున్నే పొయ్యి ఎవురు ముట్టిస్తారురా?" అన్నారు. తెలియదన్నాను. "తెలిసిందాకా ఆ ఇంట్లోకి పోమాక" అన్నారు. కోపం వచ్చి కొన్నాళ్లు ముభావంగా ఉన్నాను. తర్వాత మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని పిడకలు విరవడంతో మొదలుపెట్టి ఇంకో కథ రాశాను. మొట్టమొదట అచ్చయింది అదే.

పత్రికకు పంపడంలో మరీ కచ్చితం. కాగితానికి ఒకవైపే రాయాలి. కాగితం దొరకని ఆ రోజుల్లో అది ఎంత బాధో రాసేవాళ్లకు తెలుసు. పక్కన జాగా వదలాలి, నకలు ఒకటి దగ్గరుంచుకోవాలి, తిరుగు తపాలాకు స్టాంపులు జతచెయ్యాలి. పత్రికలే చిక్కిపోయి వస్తుంటే పొడుగు కథ పంపి, వేసుకోలేదని ఏడవకూడదు. సంపాదకుడికి రాసే ఉత్తరం రెండు ముక్కల్లో ముగించాలి. నేనొకసారి సంపాదకుణ్ని పొగుడుతూ పేజీన్నర రాస్తే బాబాయి చదివి, కథ పంపుతున్నావా, పిల్లనడగబోతున్నావా అన్నారు. పంపాక పోస్టుమాను దారి చూడకుండా ఇంకో కథ మొదలుపెట్టమనేవారు. ఇవి కొత్తగా రాసేవాళ్లకు పనికొస్తాయని చెబుతున్నాను. ఇలాంటివి ఇంకొకరైనా చెప్పగలరు. ఇంకెవరూ చెయ్యని పని ఆయన ఒకటి చేసేవారు.

కథ వెనక్కొచ్చిన రోజున పుట్నాలపప్పు, బెల్లం తెప్పించేవారు. కొట్టు వెనకే ఇల్లు. పిన్ని తలుపు చాటు నుంచి గాజుల చప్పుడుతో పళ్లెం అందించేది. నేను తింటుండగానే ఆ కథ మళ్లీ చదివించేవారు, మళ్లీ రెండో పేజీ నుంచే. అచ్చయిన రోజున మాత్రం ఏమీ లేదు. నా మొదటి కథ పడిన పత్రిక పట్టుకుని పరుగెత్తుకొస్తే, బాగుందని పక్కన పెట్టి బేరంలో పడ్డారు. నా మొహం చిన్నబోవడం చూసి, బేరం అయ్యాక దగ్గరికి పిలిచారు.

"అచ్చయితే మెచ్చుకునేటోళ్లు ఊళ్లో చానామంది ఉంటారు. ఎనక్కొచ్చిన్నాడు ఎవురుంటారు? నా కథ ఎనక్కొచ్చిన్నాడు మా నాయన నవ్వాడు. మళ్లా రాయలా నేను."

ఆయనా కథ రాశారని అప్పుడే తెలిసింది. ఏం కథ అని అడిగాను. మర్చిపోయానన్నారు. మర్చిపోయిన మనిషి గొంతు కాదది.

ఆయన పోయాక నేను కలం ముట్టలేదు. రాసి ఎవరికి చదవాలి? తలెత్తితే ఎదురుగా ఖాళీ పరుపు. ఆ గొంతు ఇంకొక్కసారి వినాలని, ఆయన చేత ఏదో ఒక తప్పు పట్టించుకోవాలని ఎంత బెంగగా ఉందో చెప్పలేను. ఇక నా రాత ఇంతటితో సరి అనుకున్నాను.

మొన్న పోస్టుమాను లావుపాటి కవరు ఒకటి ఇచ్చి వెళ్లాడు. బాబాయి విని సరేనన్న ఆఖరి కథ, ఆయన ఉండగానే పంపింది, వెనక్కొచ్చింది. విప్పకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

లోపలి నుంచి పిన్ని అడిగింది. "ఎనక్కొచ్చిందా, అబ్బాయా?"

వచ్చిందన్నాను. కాసేపటికి తలుపు చాటు నుంచి పళ్లెం వచ్చింది. ఈసారి చప్పుడేమీ లేదు. పుట్నాలపప్పు, పక్కన బెల్లం ముక్క. నాకు దుఃఖం ఆగలేదు. పిన్ని నన్ను ఏడవనిచ్చింది. తర్వాత ఆ తలుపు వెనక నుంచే, ఇన్నేళ్లూ విన్న మనిషిలా అంది:

"మొదటి పేజీ ఆ బద్ద కింద పెట్టు. రెండో పేజీ కాణ్నించి చదువు."

పెట్టాను. చదవడం మొదలుపెట్టాను. రైలు స్టేషను వైపు నుంచి గాలి వీస్తోంది. గజంబద్ద కింద మొదటి పేజీ అంచు లేచి పడుతోంది. మూడో పేజీలో ఉండగా తలుపు వెనక నుంచి, "ఆగు" అని వినిపించింది.