మా మేనమామ ఆపిన విమానం

మా మేనమామ పోయాడన్న కబురు నాకు ఢిల్లీలో అందింది. లెక్చరర్ల ట్రైనింగ్ కోసం వెళ్లి అక్కడి హాస్టల్లో ఉన్నాను. జనవరి నెల, పొద్దున ఏడు గంటలు. అమ్మ ఫోన్ చేసి, "మామ లేడు బిడ్డా. నిద్రలనే పోయిండు. జల్దిన రా" అంది. ఏడుపు లేదు ఆ గొంతులో, తమ్ముడు ఊరికి పోయాడని చెప్పినట్టే ఉంది. కిటికీ తీసి చూస్తే ఎదురుగా ఉన్న భవనం కనబడలేదు. అంత మంచు.

ఎయిర్‌పోర్టులో, పదింటికి టికెట్ దొరికిన విమానం పన్నెండుకన్నారు. పన్నెండుకు, ఇంకా చెప్పలేమన్నారు. నా పక్కన కూర్చున్నాయన కౌంటర్ దగ్గరికి పోయి గొంతు చించుకున్నాడు. నేను పోలేదు. "ఆగిన విమానాన్ని తిట్టొద్దు బిడ్డా, అది నేల మీదుంది, నువ్వూ నేల మీదున్నవ్" అని చెప్పిన మనిషి దగ్గరికే నేను పోతున్నది. చివరికి ఎక్కింది కొత్త విమానం. పల్చటి సీట్లు, చప్పుడు తక్కువ. పాతవి తీసేసి కొత్తవి తెచ్చామని మైకులో గర్వంగా చెప్పారు. నేను మిర్యాలగూడ చేరేసరికి అంతా అయిపోయింది. ఇంటి ముందు తడి ఆరని నేల, అరుగు మీద ముడుచుకుని కూర్చున్న అమ్మ.

మామ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఫిట్టర్ కొడుకు. వైమానిక దళంలో చేరి, బయటికొచ్చి, పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. మొదట పాత ఎయిర్‌పోర్టులో, తర్వాత శంషాబాద్‌లో ఒక కంపెనీ విమానాలను చూసే ఇంజనీరుగా చేశాడు. నడుమ ఒక్కటే దారి, అటు మూడు సీట్లు ఇటు మూడు సీట్లు ఉండే జెట్లు. ఇరవై ఏళ్లకు పైగా అవే. ఆయన చూసి పుస్తకంలో సంతకం పెడితేనే విమానం కదలాలి. పెట్టకపోతే పైలట్ కూడా ఏం చేయలేడు. అత్త చిన్న వయసులోనే పోయింది. పిల్లలు లేరు. మళ్లీ పెళ్లి మాట ఎత్తితే, "నా డ్యూటీ టైములకు ఎవలు తట్టుకుంటరే అక్కా" అని నవ్వేసేవాడు.

చూసే అలవాటు ఆయనకు ఒంట్లోకి ఎక్కింది. సూర్యాపేట బస్టాండులో బస్సు ఎక్కే ముందు వంగి చక్రాల కింద చూసేవాడు. నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఒకసారి డ్రైవరు, "సారూ, ఇది విమానం కాదు, ఎగరది. ఎక్కున్రి" అన్నాడు. మామ లేచి చేతులు దులుపుకుని, "ఎగరకున్నా ఎక్కేది మనుషులే గదనే" అన్నాడు. ఆ డ్రైవరు దిగి తనూ ఒకసారి వంగి చూశాడు.

ఇక నేను చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది.

పదమూడేళ్ల కింద, డిసెంబరులో, నాకు ఢిల్లీలో ఒక విశ్వవిద్యాలయం నుంచి పరిశోధన సీటుకు ఇంటర్వ్యూ వచ్చింది. అదే నా మొదటి విమానం. మామ చూసే విమానమే. పొద్దున్నే ఆయనే గేటు దాకా వచ్చి నా బ్యాగు పట్టుకుని, "భయపడకు, అది నా చేతిల పెరిగిన బండి" అన్నాడు. ప్రయాణికులం అందరం ఎక్కి కూర్చున్నాం. బెల్టులు పెట్టుకున్నాం. అరగంట గడిచింది. తర్వాత అందరినీ దిగమన్నారు.

ముందురోజు ఉత్తరాది చలిలో నిలబడి వచ్చిన విమానం అది. చలికి నూనెను ఆపే రబ్బరు బిగుసుకుపోయి, చక్రం దగ్గర నూనె చుక్కలు చుక్కలుగా కారుతోంది. నిమిషానికి ఇన్ని చుక్కల దాకా పర్వాలేదని వాళ్ల పుస్తకంలో ఉంటుందట. మామ టార్చి పట్టుకుని, గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. పైవాళ్లు తొందర పెట్టినా, మళ్లీ లెక్కపెట్టాడు. రెండు చుక్కలు ఎక్కువ వచ్చాయి. సంతకం పెట్టలేదు. ఇంకో విమానం దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. ఇక పోయీ లాభం లేదని నేను ఎక్కలేదు. నా ఇంటర్వ్యూ పోయింది, సీటూ పోయింది.

ఆ సాయంత్రం ఆయన క్వార్టర్లో నేను నిలబడే అడిగాను. "రెండు చుక్కల కోసం నా బతుకు ఆపినవ్ కదా మామా! ఒక్క సంతకం పెడితే అయిపోతుండె."

ఆయన బూట్లు విప్పుతూ తలెత్తలేదు. "నువ్వు ఎక్కినవని పెట్టాల్నా? నువ్వు ఎక్కినవని ఆపాల్నా? రెండూ తప్పే బిడ్డా. నేను చుక్కలు లెక్కవెట్టిన, గంతే."

"పోతే ఏమయ్యేది?"

"ఏం గాకపోవచ్చు, గావొచ్చు. ఏం గాలేదనిపించుడే మా పని."

నాకది రాతి గుండె మాటలా వినబడింది. లోపల నేనున్నానన్నది ఆయనకు లెక్కలోకే రాలేదనుకున్నాను. కోదాడలో ఉద్యోగం తెచ్చుకున్నాను, తర్వాత సూర్యాపేటకు మారాను. మామ ఫోన్ చేస్తే రెండు మాటల్లో ముగించేదాన్ని. పెళ్లిళ్లలో కలిస్తే అమ్మ పక్కన నిలబడేదాన్ని. ఇలా ఏళ్లే గడిచాయి. ఆయన ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

ఈలోగా కంపెనీ పాత జెట్లను ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది. తక్కువ ఇంధనం తాగే కొత్తవి వచ్చాయి. వాటికి వేరే శిక్షణ, వేరే లైసెన్సు కావాలి. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషిని ఎవరూ పంపలేదు, ఆయనా అడగలేదు. మూడేళ్ల కింద ఒక చలికాలం ఫోన్ చేశాడు. "ఆఖరి విమానం పోతున్నది బిడ్డా. విడదీసే కాడికి తీస్కపోతున్నరు. ఎయిర్‌పోర్టు దాకా వస్తవా, అద్దాల్లకెళ్లి సూస్తువు."

పరీక్షల డ్యూటీ ఉందన్నాను. డ్యూటీ లేదు.

రిటైరయ్యాక మిర్యాలగూడకు వచ్చేశాడు. పొద్దున్నే మిల్లుల వైపు నడిచేవాడు. మిల్లు బయట నిలబడి చప్పుడు విని, లోపలికి పోయి, ఫలానా బేరింగు పోతోందని చెప్పేవాడు. వాళ్లు ఆయన్ని విమానం సారు అని పిలిచి కుర్చీ వేసేవారు. ఇంట్లో మాత్రం ఒక కంచం, ఒక గ్లాసు. ఒక్కడే వండుకుని, తినేముందు అలవాటుగా స్టవ్ రెండుసార్లు చూసుకునేవాడు.

కిందటేడు ఒక బంధువుల పెళ్లికి కోదాడ పోతూ ఇద్దరం ఒకే కారులో పడ్డాం. మునగాల దగ్గర దాబాలో చాయ్‌కి ఆగాం. ఏదో ఒకటి మాట్లాడాలని, ఆఖరి విమానం పంపినరా మామా అని అడిగాను.

"నేనే దాని ఎంబడి పోయిన. నూట ఎనభై సీట్లల్ల ఒక్కన్నే. యాడ కూసోవాల్నో తెల్వలే. జరసేపు నడుమల నిలవడ్డ." చాయ్ ఊదుకుంటూ అన్నాడు. "మల్ల పదకొండో వరుసల కిటికీ కాడ కూసున్న. నువ్వు కూసున్నది గాడనే గద. ఆ పొద్దు ఆపింది గూడ అదే బండి."

నా సీటు నంబరు నాకే గుర్తులేదు.

"నేనున్నానని నీకు తెలుసా మామా, చుక్కలు లెక్కపెట్టేటప్పుడు?"

"తెల్వకేంది? సేయి వణికింది. అందుకనే రెండోసారి లెక్కవెట్టిన."

చాయ్ చల్లారిపోయింది. లారీలు పోతున్నాయి. నాకు ఏడుపొచ్చింది, ఆయన దాబా వాడిని ఇంకో రెండు చాయ్‌లు తెమ్మన్నాడు. అంతే, మా మధ్య క్షమాపణల మాటేదీ రాలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం మిర్యాలగూడ బస్సెక్కేదాన్ని. ఒకసారి ఇద్దరం కొత్త విమానంలో ఢిల్లీ పోదామన్నాను. నవ్వి, "చలికాలం పోనీ బిడ్డా, మంచుల గంటలు గంటలు కూసోవెడతరు" అన్నాడు. ఈ చలికాలం పోలేదు.

దినాలు అయిపోయాక, ట్రైనింగులో మిగిలిన వారం కోసం మళ్లీ ఢిల్లీ బయలుదేరాను. శంషాబాద్‌లో తెల్లవారింది. పల్చటి మంచు. మా విమానాన్ని బండి వెనక్కి నెట్టి వదిలేసింది. చుట్టూ అందరూ ఫోన్లలో ఉన్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. చలికోటు వేసుకున్న ఒక ఇంజనీరు రెక్కకు దూరంగా వచ్చి నిలబడ్డాడు. చక్రం దగ్గరి నుంచి తీసిన పిన్నును, దానికి వేలాడే ఎర్ర రిబ్బనుతో సహా, తీసేశాను, ఇక కదలొచ్చని పైలట్‌కు కనబడేలా చెయ్యెత్తి చూపాడు. విమానం మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దించలేదు. తర్వాత రిబ్బనును వేళ్లకు చుట్టుకుంటూ, ఆ బూడిదరంగు నేల మీద ఒక్కడే వెనక్కి నడిచిపోయాడు.