కొసరు గరిటె

మా నాయన పుంగనూరు బజారులో ముప్పై ఏళ్లకు పైగా పప్పులు, చింతపండు, బెల్లం అమ్మాడు. నేను ఆ తక్కెడ పక్కనే పెరిగాను. నాకు నడక కన్నా బేరం ముందు వచ్చిందని మా అమ్మ నవ్వేది. పెళ్లయి మదనపల్లెకు వచ్చాక అక్కడి కూరగాయలవాళ్లు నన్ను దూరంనుంచి చూడగానే ధర ఒక మెట్టు పెంచి పెట్టుకునేవాళ్లు. అది తెలిసి నేను రెండు మెట్లు దించేదాన్ని. చీర కొన్నా, చీపురు కొన్నా ఎవరి చేతిలోనూ ఓడిపోని మనిషినని నాకు నా మీద గొప్ప నమ్మకం. అలాంటి దాన్ని ఎనభైల మొదట్లో కుప్పంలో ఒక వంటామె చేతిలో ఓడిపోయాను.

అమ్మ పోయాక నాయన అంగడి వేరేవాళ్లకు ఇచ్చేసి మదనపల్లెకు మా ఇంటికి వచ్చాడు. నేను ఒక్కతే కూతుర్ని. ఆయనకు బీపీ ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పాడు. పళ్లు అప్పటికే సగానికి పైగా ఊడిపోయాయి. అన్నం మెత్తగా వండి, పప్పు పలచగా మెదిపి, పొగలు పోకముందే కంచం నిండుగా వడ్డించేదాన్ని. ఆయన నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేవాడు. ఇంకో రెండు ముద్దలు తినమని నేను, చాలని ఆయన. చివరికి మిగిలింది ఎత్తుకుని, మొహం ముడుచుకుని వంటింట్లోకి పోయేదాన్ని. మూడు పూటలా ఇదే. ఎనిమిది నెలల్లో ఆయన చొక్కా భుజాలమీంచి జారిపోవడం మొదలైంది.

కుప్పంలో ముసలివాళ్లకోసం ఒక ఆశ్రమం ఉండేది. నాయనతో వ్యాపారం చేసిన ఎండుమిరపకాయల ఆసామి ఒకాయన అక్కడ చేరి, ఇక్కడ మన ఈడువాళ్లం ఉన్నాం, వచ్చి చూడమని కార్డు రాశాడు. నాయన ఆ కార్డు రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగి, మూడోరోజు నాతో బేరానికి దిగాడు. ఉగాది దాకా ఉండి చూస్తాడట. బాగలేకపోతే వచ్చేస్తాడట. నేను సరేనన్నాను. పదిరోజుల్లో నా వంట గుర్తొచ్చి బస్సెక్కుతాడని నా లెక్క.

నెల గడిచినా రాలేదు. నేనే పోయాను. వరండాలో బెంచీమీద కూర్చున్న మనిషిని చూసి ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. బుగ్గలు నిండాయి. చొక్కా చొక్కాలాగా ఉంది. కన్నకూతురు సంతోషించాల్సిన చోట నాకు అసూయ పుట్టింది.

ఏం పెడతారని అడిగితే అంగట్లో ధరల పట్టీ చదివినట్టు చదివాడు. సోమవారం కొర్రన్నం, పలచటి ఉలవచారు. మంగళవారం నిమ్మకాయంత ఉండలుగా చేసిన రాగిసంగటి, మెత్తగా ఎనిపిన ఆకుల పుల్లగూర. మధ్యలో ఒకరోజు మునగాకు పప్పు. రాత్రిళ్లు పెసరపప్పు గంజి. పండిన బొప్పాయి పళ్లెంలో కోసి తెస్తారట. మునగాకు మా పెరట్లోనే ఉండేది. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ దాని వంక చూడని మనిషి.

వంటామెది నా ఈడే ఉంటుంది. పెద్ద గొంతు, అరవం కలిసిన తెలుగు, కొంగుకు ఎప్పుడూ పసుపు మరక. నేను బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఆ వంటింట్లో తప్పులు ఏరాను. ఉప్పు తక్కువైన చోట నిమ్మపండు పిండుతోంది, లేదంటే జీలకర్ర, వెల్లుల్లి వేయించి దంచి వేస్తోంది. పళ్లున్నవాళ్లకు ఊరిబిండి పచ్చడి బరకగా, లేనివాళ్లకు వెన్నలాగా రుబ్బుతోంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ల గిన్నెకు దారం కట్టి గుర్తు పెట్టుకుంది. ఒక్క రాయి దొరకలేదు. దొరికుంటే మూటగట్టి మదనపల్లెకు తెచ్చుకునేదాన్ని.

బస్సులో తిరిగి వస్తూ ఒక నిర్ణయానికి వచ్చాను. చలికాలం వస్తోంది, అనపకాయల కాలం. అనపగింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కోటీ వేళ్లమధ్య పితికి తోలు తీసి వండే పితికిపప్పంటే నాయనకు ప్రాణం. అది నా చేతి కూర. దాంతోనే ఆయన్ని ఇంటికి తెచ్చుకోవాలి.

అనుకున్నట్టే ఒక తెల్లవారుజామున రెండు గంటలు కూర్చుని పితికాను. వేళ్లు ముడతలు పడ్డాయి. ఉప్పు తగ్గించి, కొబ్బరి ఎక్కువ రుబ్బి, మూడు గిన్నెల క్యారియర్ నిండా కూర నింపాను. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు మా పాత అంగడి వైపు కూడా చూడలేదు, కూర ఒలికిపోతుందని. కుప్పం దాకా క్యారియర్ చంటిబిడ్డలాగా నా ఒళ్లోనే ఉంది.

ఆశ్రమం మెట్లెక్కేసరికి వరండాలో పదిమంది ముసలివాళ్లు ఒక ఇత్తడి బేసిన్ చుట్టూ కూర్చుని ఉన్నారు. మా నాయన మధ్యలో. అందరూ అనపగింజలు పితుకుతున్నారు. మిరపకాయల ఆసామి పితికిన గింజ ఎగిరి ఒక అవ్వ ఒళ్లో పడితే అందరూ విరగబడి నవ్వుతున్నారు. ఆ రోజు అక్కడ కూడా పితికిపప్పే.

మధ్యాహ్నం నాయన అన్నం తట్టలో రెండు కూరలూ పడ్డాయి. నేను నా అలవాటుకొద్దీ రెండు నిండు గరిటెలు వేశాను. వంటామె చిన్న సంగటిముద్ద పెట్టి పక్కన అర గరిటె కూర వేసి ముందుకు పోయింది. నాయన నాది రెండు ముద్దలు తిన్నాడు, బాగుందన్నాడు. తర్వాత ఆమెది మొదలుపెట్టి తట్ట తుడిచినట్టు తిని, వేలెత్తాడు.

"కొసరెయ్యి మా."

ఆమె ఇంకో గరిటెతో వచ్చింది, పిల్లలు ఆడుకునేంత చిన్నది. దాంతో రవ్వంత వేసింది. నాయన మొహం వెలిగింది. పంక్తి పొడుగునా వేళ్లు లేస్తూనే ఉన్నాయి. ఒక అవ్వ తన కొసరు నిన్నటికంటే తక్కువుందని గొడవ పెట్టుకుంది.

"నిన్న దాసిపెట్టుకున్న బెల్లంముక్క ఎనక్కియ్యమ్మా, అప్పుడేస్తా కొసరు," అంది వంటామె.

"బెల్లమా? నా కాడ యాడుండాది?" అంటూ అవ్వ కొంగు ముడి గట్టిగా పట్టుకుంది.

అందరూ నవ్వారు. నా కూర నాయన తట్టలో సగానికి పైగా అలాగే ఉంది. ఎత్తుకుందామని నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. నాయన నా చెయ్యివైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

భోజనాలయ్యాక వంటింట్లో ఆమెను నిలేశాను. కూరలో ఏం కలుపుతున్నావో చెప్పమన్నాను. ఆమె గరిటెలు కడుగుతూనే చెప్పింది.

"కూరలో ఏముండాదక్కా. వచ్చిన కొత్తల్లో నేనూ తట్టల నిండా ఏస్తాంటి. సగం కుక్కలకే పోతాండె. మీ నాయనే సెప్పినాడు. తక్కెట్లో తక్కువ పోసి కలపాల, ఎక్కువ పోసి తియ్యగూడదు, మా అంగట్లో అట్లే అమ్మేది అని."

ఆ మాట నాది. తొమ్మిదేళ్లప్పుడు మొదటిసారి నన్ను తక్కెడ దగ్గర కూర్చోబెడితే, కందిపప్పు ఎక్కువ పోసి, ముల్లు సరిపోయేదాకా గుప్పెళ్లతో వెనక్కు తీశాను. కొనడానికి వచ్చినామె మొహం మాడిపోయింది. ఆమె పోయాక నాయన నాకు చెప్పిన మాట అది. తూకం ఒకటే, కానీ తీస్తే ఆమె పోగొట్టుకున్నట్టు ఇంటికి పోతుంది, కలిపితే దొరికినట్టు పోతుంది. ఆ పాఠంతోనే నేను బజారులో ఇన్నేళ్లు కొసరు గుంజాను. ఇంట్లో మాత్రం ఎనిమిది నెలలు, మూడు పూటలా, ఆయన కళ్ల ముందే తక్కెడలోంచి తీశాను.

అంగడి పరాయివాళ్లకు ఇచ్చేసినప్పుడు నాకు బాధ కలగలేదు. ఈ ఒక్క మాట ఆమెకు ఇచ్చాడని తెలిసి ఓర్చుకోలేకపోయాను.

వరండాలో నాయన పక్కన కూర్చుని, మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ మాట నాతో మళ్లీ యాల చెప్పలేదని అడిగాను. ఇన్నేళ్లు మదనపల్లెలో ఉన్నా కోపమొస్తే నాకు పుంగనూరు యాసే వస్తుంది.

ఆయన వేళ్లకంటిన అనపతోలు గిల్లుకున్నాడు.

"కూతురింట్లో కూసోని ఇంకొంచెం పెట్టమని అడిగేదానికి నోరు రాలే పాపా. నువ్వు అడిగే పని లేకుండా పెడ్తాంటివి. ఈడ అందురూ అడుగుతారు, నేనూ అడుగుతా."

ఇంటికి రమ్మన్నాను. తక్కువే వడ్డిస్తానన్నాను, చిన్న గరిటె కొంటానన్నాను. ఉగాది దాకా అనుకున్నాం కదా అన్నాడు. ఉగాదికి వస్తావా అన్నాను. ఈ క్యారియర్ మళ్లీ ఎప్పుడు తెస్తావన్నాడు. నెలకొకసారి అన్నాను. నెలకొకసారైతే కూర రుచి మర్చిపోతానన్నాడు. అయితే రెండుసార్లు వస్తానన్నాను.

"సరే. సగం క్యారియరే తే," అన్నాడు వెంటనే.

ఎదుటి మనిషి అంత వెంటనే ఒప్పుకుంటే బేరంలో మనం మోసపోయామని అర్థం. ఆయన మొదటినుంచీ అడగాలనుకున్నది రెండుసార్లే. ఉగాది మాట ఎటు పోయిందో గమనించేసరికి బేరం ముగిసింది. ఆయన ఇక రాడు.

పదిహేను రోజులకు సగం క్యారియర్‌తో పోయాను. అర గరిటె వేసి పక్కన నిలబడ్డాను. ఇంకా వెయ్యాలని చెయ్యి లాగుతోంది, రెండో చేత్తో పట్టుకున్నాను. ఆయన నిదానంగా తిన్నాడు. అంచులు తుడిచాడు. ఇంకేం లేదేమో అనుకుంటుండగా వేలు లేచింది.

"కొసరెయ్యి పాపా."

నేను పుట్టిన తర్వాత ఆయన నన్ను ఇంకొంచెం పెట్టమని అడగడం అదే మొదటిసారి. వేశాను. కొంచెం కిందికి ఒలికింది.

అందరి భోజనాలూ అయ్యాక వంటామె తన తట్ట తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. "నాకూ ఏయక్కా, మీ నాయన అంత సెప్తాడే, సూస్తాను," అంది. నిండుగా ఒక గరిటె వేశాను. ఆమె తిని, చాలా బాగుందని, వేళ్లు నాకి, వేలెత్తింది.

క్యారియర్‌లో ఇంకా ఉంది. నేను మూత పెట్టేశాను.