బేకన్ పై, ఉడకని బియ్యం

ఆ రోజుల్లో వంట వచ్చినవాడంటే అన్నం తప్ప ఇంకేదైనా వండగలిగినవాడని నా గట్టి నమ్మకం. (అన్నం ఎవరైనా వండుతారనుకునేవాణ్ణి. ఆ ముచ్చటే ఇది.) ఓ హిందీ నగరం శివార్లలో, భన్‌పురిలో చిన్న ఫ్యాక్టరీలో ఉద్యోగం, అదే ఊళ్ళో మోవా పేటలో ఒంటిగది కాపురం, చర్చిలో పరిచయమైన ఒక నర్సమ్మాయి మీద ప్రేమ. ఇదీ నా ఆస్తి. వాళ్ళ నాన్న అక్కడే రైల్వేలో గార్డుగా రిటైరైన భీమవరం మనిషి. నా జీతమెంతో కూడా అడగలేదు. "దానికి నైట్ డ్యూటీలుంటాయి బాబూ. అలిసిపోయి వస్తే వండిపెట్టేదెవరు? ఆదివారం వస్తాం. నీ చేతి భోజనం తిన్నాకే పెళ్ళిమాట" అన్నారు.

పప్పూ చారూ చేస్తే సరిపోయేది. నాలోని మహావంటగాడు ఊరుకుంటాడా! కోల్‌కతా నుంచి వచ్చిన పాత రూమ్మేట్ ఒకడు బేకన్ పొట్లం ఇచ్చి, బేకన్ పై అనే దొరల వంటకం చెయ్యడం నేర్పి వెళ్ళాడు. మైదాలో వెన్న కలిపి గిన్నెలా పరిచి, ఉప్పు పట్టించిన ఆ పంది మాంసం, బంగాళాదుంపలు, గుడ్లు కూరి, మైదా మూతేసి ఓవెన్‌లో కాల్చాలి. "ఒక్క ముక్క తింటే సాయంత్రం దాకా ఆకలుండదు" అన్నాడు. ఖాళీ మైదా గిన్నెని ముందు ఓసారి కాల్చాలనీ, అది పొంగకుండా కాగితం వేసి బరువుకి బియ్యం పోయాలనీ కూడా చెప్పాడు. అరువు తెచ్చిన ఓవెన్‌లో, ఇంట్లో ఉన్న బియ్యమంతా పోసి కాల్చాను. చల్లారాక మళ్ళీ డబ్బాలోకి ఎత్తాను. (పొదుపు! వండుకోవచ్చు కదా అని.)

గార్డుగారు, ఆయన భార్య, అమ్మాయి వచ్చారు. వేడివేడి పైని ముక్కలు కోసి పళ్ళేల్లో పెట్టాను. గార్డుగారు ఒక ముక్క తిని, ఇంకోటి వేయించుకుని, మూడోది అడిగి మరీ తిన్నారు. నేను పొంగిపోయాను. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, చొక్కా చేతులు పైకి మడిచి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"నాస్తా బ్రహ్మాండంగా ఉందోయ్. చలో, ఇంక భోజనం పెట్టు."

"ఇదే... భోజనమండీ."

ఆయన భార్య వంక చూశారు. ఆవిడ అమ్మాయి వంక చూసింది. అమ్మాయి కిటికీలోంచి బయటికి చూసింది.

"అన్నం లేదా? ఊరు దాటితే ధర్సీవా దారంతా వరిచేలే కదయ్యా! మా పిల్లని ఉపవాసాలకి పంపమంటావా?"

నా పెళ్ళి నా కళ్ళముందే రైలెక్కి వెళ్ళిపోతోంది. పరుగెత్తి డబ్బాలో బియ్యం కుక్కర్లో పోశాను. విజిళ్ళు వచ్చాయి, తీస్తే పలుకు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పలుకే. ఓవెన్‌లో కాలిన బియ్యం ఉడకదని ఆ రోజే తెలిసింది. గార్డుగారు వంటగట్టు దగ్గరికొచ్చి ఒక మెతుకు నోట్లో వేసుకున్నారు. కటుక్కుమంది.

"బియ్యమా ఇది, పట్టాల కింద కంకరా?"

అందరికంటే ముందు అమ్మాయే నవ్వింది. వాళ్ళమ్మ సంచిలోంచి నాకోసం తెచ్చిన ఆవకాయ సీసా తీసింది. గార్డుగారు మిగిలిన పైని పళ్ళెంలో నలిపి, ఆవకాయ కలిపి, ముద్దలు చేసి తినడం మొదలెట్టారు. కాసేపటికి తలెత్తి, "అమ్మాయ్, వీడికి అన్నం వండటం రాదు కానీ నిన్ను పస్తు మాత్రం ఉంచడు. కుక్కర్ సంగతి నువ్వు నేర్పుకో" అన్నారు. సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆయన ఇప్పుడు లేరు. ఎండబెట్టి దాచిన ఆ బియ్యం మాత్రం ఉంది. పై చేసిన ప్రతిసారీ బరువుకి దాన్నే పోస్తాను. మొన్న ఆదివారం కూడా చేశాను. మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చాక ఇద్దరం కడుపునిండా తిన్నాం. నేను లేచి చెయ్యి కడుక్కుని, చొక్కా చేతులు మడిచి, చాప మీద కూర్చుని, "ఇంక అన్నం పెట్టు" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "వచ్చారండీ గార్డుగారు!" అంది.