బకెట్లో ముంచిన నవల

మా కమలాపురం చర్చి అయ్యగారు నెల్లాళ్ళు కూర్చుని రాసుకున్న జవాబును నేను రెండే నిమిషాల్లో నాశనం చేశాను. అదీ దేవుడి తరఫున. తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. చర్చిలో యవ్వనస్థుల కార్యదర్శిని. యేసుప్రభువుకు పెళ్ళయిందనీ, ఆనాటి చర్చి పెద్దలు ఆ సంగతి దాచిపెట్టారనీ చెప్పే నవల ఒకటి తెలుగులోకి వచ్చింది. కాలేజీ పిల్లలు ఎగబడి చదువుతున్నారు. నేను చదవలేదు. ఎవరో ఫోన్లో పంపిన నాలుగు ముక్కలు చూసి బజ్జీల బాణలిలా కాగిపోతున్నాను.

కర్నూలు పోయి పుస్తకాల అంగడి ముందు ధర్నా చేద్దామని, అనుమతి కోసం అయ్యగారింటికి పోయాను. ఆయన లేరు. వరండాలో ఆయన కుర్చీ మీద, బైబిలు పక్కనే, అదే నవల. నా తెలివి చూడండి, తెరిచి ఒక్క పేజీ చూడలేదు. బట్టలు నానబెట్టిన బకెట్లో వేసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి అదిమి పట్టాను.

అయ్యగారి భార్య, మా అమ్మగారు, బయటికొచ్చింది. "ఏం చేస్తాండావప్పా?"

"సాతాన్ను ముంచుతాండా అమ్మగారూ."

ఆమె తొంగి చూసి గోడకు ఆనుకుంది. "దాంట్లో అయ్యగారు పేజీ పేజీకీ జవాబు రాసుకున్నాడు కదప్పా. ఆదివారం ప్రసంగం అదే."

పైకి తీసేసరికి సిరా మొత్తం సబ్బునీళ్ళ పాలయింది.

అయ్యగారొచ్చి ఆ ముద్దను చూశాడు. తిట్టినా బాగుండేది. "ఆదివారం నువ్వే జవాబు చెప్పు" అని లోపలికి పోయాడు.

ఆదివారం చర్చి నిండిపోయింది. అరగంటసేపు నవలను దుమ్మెత్తిపోశాను. డిగ్రీ చదివే పిల్ల ఒకామె లేచింది.

"అన్నా, అందులో ఏ మాట తప్పు?"

"అన్నీ తప్పే."

"ఒకటి చెప్పన్నా."

"నేను సదవలేదు. అట్లాంటివి సదవకూడదు."

ముందు వరుసలోంచి, కూలి పనికి పోయే సుందరమ్మవ్వ నా మీద మండిపడింది. "నాకైతే సదువు రాదు. సదువుకున్నోనివి, సదవకుండా ఇంతసేపు ఏం అరిసినావప్పా? అయ్యగారు రాసిందన్నా వినుందుము. కూచో."

కూచున్నాను. అయ్యగారు లేచి, గుర్తున్నంతమటుకు చెప్పాడు. సగమే గుర్తుంది. ఆ సగానికే పిల్లలు కదలకుండా విన్నారు. మిగతా సగం బకెట్లో పోయిందని అందరికీ తెలుసు, అందుకే ఎవరూ నా వైపు చూడలేదు.

తర్వాత ఆ నవల తెచ్చుకుని చివరిదాకా చదివాను. ఒళ్ళు మండింది. కాకపోతే ఈసారి ఎందుకు మండిందో నాకు తెలుసు. కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ పుస్తకం మీదైనా నాకు కోపమొస్తే, అది పేజీ నంబరుతో సహా వస్తుంది.