నేను జరిపిన హోలు

ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. అన్నం సహించడం లేదని అబద్ధం చెప్పను, సహిస్తోంది. నిద్రే రాదు. మీరు నా మొహం ఎరగరు, అందుకే మీకు చెబుతున్నాను.

దువ్వాడ దగ్గర ఇనుప పనులు చేసే ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో నేను పాత ఫిట్టర్ని. పార్వతి అక్కడ కంప్యూటర్లో డ్రాయింగులు గీసేది. భోజనాల వేళ పక్కన కూర్చోబెట్టుకుని నాకు అక్షరాలు నేర్పింది, ఆ తర్వాత మౌసు పట్టుకోవడం నేర్పింది. ఎవరికీ చెప్పొద్దన్నాను. ఈ వయసులో ఓనమాలంటే షెడ్డంతా నవ్వుతుంది.

అప్పుడు పోర్టులో మెట్లదారిని పట్టి ఉంచే బ్రాకెట్లు చేస్తున్నాం. పార్వతి ఒక్క బ్రాకెట్ గీసి, మిగతావన్నీ దానికి ముడిపడిన కాపీలుగా పెట్టిందని నాకు తర్వాతే తెలిసింది. మొదటి బ్రాకెట్‌కి నేను బోల్టు పట్టే హోలు వేలు మందం పక్కకి వేసేశాను. అంత సీనియర్ని, ఏ మొహంతో చెప్పుకోను? ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, నా తప్పుకి సరిపోయేలా డ్రాయింగులోనే హోలు జరిపేశాను. ఆ ఒక్కటే మారుతుంది, సైటులో నేనే సర్దేస్తాను అనుకున్నాను. మా పనిలో అంతే మరి, రేకు అచ్చు మార్చినంత మాత్రాన దాంతో ముందు గీసుకున్న ముక్కలు మారిపోవు. కంప్యూటర్లో మారిపోయాయి. అన్నీ. షెడ్డువాళ్లు ఆ డ్రాయింగు చూసే మిగతావి చేశారు. పోర్టులో ఒక్కటీ కూర్చోలేదు.

ఓనరు అందరినీ పిలిచాడు. తాను హోలు ముట్టలేదంది పార్వతి. తర్వాత నా వైపు తిరిగింది.

"బాబాయ్, ఆ బొమ్మ మీరేటైనా కదిపేరా?"

"నానా? నాకు అచ్చరం ముక్క రాదని నీకు తెల్దేటమ్మా?"

ఎవరో నవ్వారు. పార్వతి నవ్వలేదు. నాకు నేర్పింది తనేనని ఒక్క మాట అంటే చాలు, నేను దొరికిపోయేవాణ్ని. అనలేదు. ఎందుకు అనలేదు? నాకిచ్చిన మాట కోసమా, లేక నా ముసలితనం చూసి జాలిపడిందా? జాలే అయితే నాకు ఇంకా సిగ్గు. ఆ సాయంత్రమే ఆమెని పనిలోంచి తీసేశారు. నేను రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను, దండ కూడా వేశారు.

ఇప్పుడు పార్వతి సీతమ్మధారలో బట్టల షాపులో పని చేస్తోందట. నిజం చెప్పేద్దామని ఒకసారి బయల్దేరాను. దిగాల్సిన స్టాపులో దిగలేదు, బస్సులో అలాగే కూర్చున్నాను. రేపు దిగుతానా? తెలీదు. దిగినా, పోయిన ఉద్యోగం తిరిగిరాదు.

ఆ హోలు జరిపింది పార్వతి కాదు. నేను. తెలిసే జరిపాను, తెలిసే బొంకాను. ఇన్నాళ్లకి రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.