ఆదివారం ఎడమకు వాలే బల్ల

మా బావ తూకం యంత్రాలు బాగుచేస్తాడు. కిరాణా కొట్టు కాటా మొదలుకొని లారీని సరుకుతో సహా ఎక్కించి తూచే వేబ్రిడ్జి దాకా ఏది మొరాయించినా ఆయనకే కబురు వెళ్తుంది. లోకంలో ఉన్నవన్నీ కాస్తో కూస్తో ఒరిగే ఉన్నాయని, వాటిని సరిచేయడానికే తాను పుట్టానని ఆయన నమ్మకం. మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజునే, గోడ మీద ఫొటో వంకరగా ఉందంటూ లేచి వెళ్లి సర్దాడు. అది మా తాతయ్య ఫొటో. వంకర ఫ్రేముది కాదు, తాతయ్య మెడది. అల్లుడు చేసిన పనిని కాదనలేక అలాగే ఉంచేశాం. ఇప్పుడు తాతయ్య నిటారుగా, ఫ్రేము ఏటవాలుగా ఉంటాయి.

అలాంటి మనిషికి దొరికిన మామగారు మా నాన్న. నాన్న డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలు పెట్టే ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఊళ్లో సగం మంది ఆయన పుణ్యమా అని నడిచే తిరుగుతున్నారని చెప్పుకునేవారు. నన్ను కూడా ఫెయిల్ చేశాడు. బ్రేకు సకాలంలోనే వేశాను గానీ, వేసేటప్పుడు నా మొహంలో అనుమానం కనిపించిందట. బాగుంది అనే మాట ఆయన నోట మేమెవరమూ విని ఎరగం. అమ్మ వంటను కూడా "తినొచ్చు" అనేవాడు. అమ్మ దాన్నే సన్మానంగా తీసుకునేది.

మేడ మీద హాల్లో నాన్నకు పూల్ ఆట ఆడే బల్ల ఒకటి ఉంది. ఎవరిదో క్లబ్బు మూసేస్తుంటే కొని తెచ్చాడు. పైన ఆకుపచ్చ బట్ట, దాని కింద రాతి పలక, చుట్టూ బంతులు పడే ఆరు పాకెట్లు. హాలుది పాతకాలపు చెక్క నేల, పిల్లి నడిచినా కిర్రుమంటుంది. ఆదివారం భోజనాలయ్యాక ఆ బల్ల మీద నాన్న, బావ ఆడేవారు. కూర్చుని చూడటం మిగతా వాళ్ల వంతు.

బావకు గెలుపు ముఖ్యం కాదు. ఎప్పుడైనా గెలిస్తే నాన్న, "పడిందిలే" అని బంతిని కొట్టే క్యూ కర్రను గోడకు ఆనించేవాడు. తానే గెలిస్తే అదీ అనేవాడు కాదు. నాన్న నోట ఒక్కసారి "బాగా కొట్టావు" అనిపించుకోవాలి, బావ కోరిక అదొక్కటే. దానికోసం ఆయన పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. భోజనాల బల్ల మీద ఖాళీ సీసా పడుకోబెట్టి, దాని మూతిలోకి క్యూ అంచుకు తగలకుండా దూర్చి తీయడం సాధన చేసేవాడు. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మా అక్క క్యూ ముందుకు వచ్చినప్పుడల్లా తల పక్కకు తప్పించుకునేది. కొట్టాక తల పైకి లేపకూడదని గడ్డాన్ని రుమాలుతో క్యూకు కట్టుకుని చూశాడు. రెండు రోజులు మెడ తిరగలేదు. వానాకాలంలో బట్ట చెమ్మగిల్లి బంతి ఈడుస్తోందని ఇస్త్రీ పెట్టె తెచ్చి బల్లంతా ఇస్త్రీ చేశాడు. మా చొక్కాలకు ఏనాడూ ఆ యోగం పట్టలేదు.

ఇంత చేసినా ఆదివారం వచ్చేసరికి ఆయన బంతి పాకెట్ అంచుదాకా బుద్ధిగా వెళ్లి, అక్కడ మనసు మార్చుకుని ఎడమకు తిరిగేది. నాన్నది మాత్రం పడేది.

బావ బుధవారాలు వచ్చి బల్ల మీద రసమట్టం పెట్టి చూసేవాడు. గాజుగొట్టంలో బుడగ సరిగ్గా మధ్యలో నిలబడేది. ఆదివారం పెడితే పక్కకు జరిగేది. కాలి కింద అట్టముక్క పెట్టాడు. ఈసారి ఆదివారం మట్టంగా ఉంది, బుధవారం ఒరిగింది. ఆ అట్టముక్కను నాన్న కాలితో తన్నేశాడు.

"ఎలా ఉన్నదాని మీద అలాగే ఆడాలి అల్లుడూ. గుంటలున్నాయని రోడ్డు సరిచేసుకుంటూ బండి నడుపుతారా ఎవరైనా?"

బావ దిగులుపడ్డాడు. రసమట్టం జేబులోనే పెట్టుకుని తిరిగాడు. చివరికి ఒక ఆదివారం, బుడగ వంకే రెప్ప వేయకుండా చూస్తుండగా వంటింట్లోంచి అక్క, "అమ్మా, పాలు పొంగుతున్నాయే" అని కేకేసింది. గోడ పక్క కుర్చీలోంచి అమ్మ లేచింది. బుడగ మధ్యకు వచ్చింది. పాల సంగతి చూసి అమ్మ వచ్చి కూర్చుంది. బుడగ పక్కకు వెళ్లింది.

మా అమ్మది నిండైన విగ్రహం. ఆవిడ కుర్చీ, బల్ల ఎడమ కాలు నేలలోని ఒకే చెక్క పలక మీద ఉన్నాయి. బుధవారాలు ఆవిడ చెల్లెలింటికి వెళ్లేది. ఆదివారాలు ఆట చూసేది.

"అత్తయ్యగారూ, ఒక్కసారి లేచి మళ్లీ కూర్చోండి," అన్నాడు బావ.

అమ్మ లేచింది, కూర్చుంది. మళ్లీ లేవమన్నాడు. ఈసారి ఆవిడకు విషయం అర్థమైంది.

"అంటే నేను లావంటారా అల్లుడుగారూ?"

"అయ్యో, లేదండీ. ఆటకు మీరొక పరిస్థితి అంటాను."

ఆ మాట మా ఇంట్లో స్థిరపడిపోయింది. "పరిస్థితి ఎక్కడుంది?" అని నాన్న అడిగితే "స్నానం చేస్తోంది" అని చెప్పేవాళ్లం. బావ మూటలు తూచే కాటా ఒకటి మేడెక్కించి దాని మీద నిలబడమని బతిమాలాడు. ఉల్లిపాయల బస్తాలు ఎక్కే దాని మీద తాను చచ్చినా ఎక్కనంది. అప్పుడాయన పలక ఎంత కుంగిందో కొలిచి, ఆ లెక్కన ఆవిడ బరువు తేల్చుకున్నాడు. ఎంతో ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో మా బావ పెద్దమనిషి.

అధికారం చేతికొచ్చాక అమ్మ ఊరుకుంటుందా. కుళాయి కారుతోందని వారం నుంచి చెబుతున్నా నాన్న పట్టించుకోకపోతే, ఆయన వంగి గురి చూసే వేళకు మంచినీళ్లకని లేచేది. నాన్న బంతి దారి తప్పేది. సోమవారం పొద్దున్నే కుళాయి బాగయ్యేది. బావ చీర పట్టుకొచ్చిన ఆదివారం రాయిలా కదలకుండా కూర్చునేది. ఆవిడకు ఆట నియమాలు ఒక్కటీ తెలియవు. అయినా అందరికంటే బాగా ఆడింది ఆవిడేనని నేనంటాను.

అమ్మ పోయింది. జబ్బుతో తీసుకుందీ లేదు, ఎవరినీ ఇబ్బంది పెట్టిందీ లేదు. నిద్రలోనే వెళ్లిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

కొన్నాళ్లకు నాన్న మళ్లీ క్యూ పట్టాడు. ఒక్క బంతీ పడలేదు. ప్రతిదీ పాకెట్‌కు కుడిపక్కన అంచుకు కొట్టుకుని వెనక్కి వచ్చేది. దిగులు వల్ల చేయి వణుకుతోందని చుట్టాలన్నారు. నేను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కొత్త కళ్లద్దాలతో ఆయన మరింత స్పష్టంగా చూస్తూ తప్పాడు. అసలు సంగతి పసిగట్టినవాడు బావ ఒక్కడే. బల్ల ఇప్పుడు రోజూ మట్టంగా ఉంటోంది. నాన్న మాత్రం అమ్మ కూర్చుని ఉన్నట్టే, కాస్త కుడికి గురి చూసి కొడుతున్నాడు.

మరుసటి ఆదివారం నేను మేడెక్కేసరికి అమ్మ కుర్చీలో ఇనుప గుండ్లు ఉన్నాయి. కాటాలు సరిచూసే గుండ్లు, పెద్దవి కింద, చిన్నవి పైన. అన్నిటిపైన గురిగింజంత చిన్నది ఒకటి.

"నీకేమైనా మతి పోయిందా బావా? అమ్మ కుర్చీలో ఇనుము పేరుస్తావా?" అన్నాను. కొట్టేవాణ్ణే. అక్క చేయి పట్టుకుని ఆపింది.

"గ్రాము తేడా లేదురా," అన్నాడు బావ. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆయన అలా తప్పుతుంటే నేను చూడలేకపోతున్నాను."

అంతలో నాన్న వచ్చాడు. కుర్చీ వంక చూశాడు. వంగి, అలవాటైన గురితోనే కొట్టాడు. బంతి పాకెట్ దాకా వెళ్లి, కాస్త ఎడమకు తిరిగి, లోపల పడింది. ఆ చప్పుడు వినీ వినగానే నాన్న క్యూ కింద పెట్టేశాడు.

"తీసెయ్."

"పడింది కదండీ మామయ్యగారూ."

"పడకూడదు అల్లుడూ. వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి చెప్పి నన్ను ఓదారుస్తున్నారు. ఆవిడ ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది అంటున్నారు. ఆవిడ లేదని ఉన్నమాట చెబుతున్నది ఈ బల్ల ఒక్కటే. దాని నోరు కూడా నొక్కేస్తావా?"

గుండ్లన్నీ బావ, నేను కలిసి ఒక్కొక్కటిగా గోనెసంచిలోకి దించాం. ఆఖరి గుండు తీశాక పలక కిర్రుమని పైకి లేచింది. అక్క మొహం తిప్పుకుంది.

ఆట సాగింది. నాన్న తప్పుతూ పోయాడు. బావ బంతులన్నీ అయిపోయి, వేస్తే ఆట గెలిచే చివరి నల్ల బంతి మిగిలింది. మూలకు రెండు జానల దూరంలో, ఎదురుగా ఉంది. మట్టంగా ఉన్న బల్ల మీద తిన్నగా కొడితే చాలు. చిన్నపిల్లలైనా వేస్తారు. బల్ల సంగతి ఈ ఇంట్లో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

బావ వంగాడు. చాలాసేపు చూశాడు. క్యూ కొనను కాస్త కుడికి జరిపాడు. అమ్మ కుర్చీలో ఉంటే ఎంత జరపాలో సరిగ్గా అంతే. కొట్టాడు.

నల్ల బంతి తిన్నగా వెళ్లి, పాకెట్ పక్కన అంచుకు తగిలి, నింపాదిగా వెనక్కి వచ్చి ఆగింది.

నాన్న దాన్ని చూశాడు. ఖాళీ కుర్చీని చూశాడు. బావ దగ్గరికి వెళ్లి భుజం మీద చేయి వేశాడు.

"బాగా కొట్టావు," అన్నాడు.